గొంతు తగ్గించుకోమన్న ఆరు నెలలు

అక్టోబరు 17న మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకి ఉత్తరం వచ్చింది. రెండే పేరాలు. నేను మాట్లాడే తీరు మీద హెచ్‌ఆర్ ఏప్రిల్ 22న మొదలుపెట్టిన వ్యవహారం 178 రోజులు నడిచి ఆ రెండు పేరాలతో ముగిసింది. చదివి, ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని, ఆ సాయంత్రమే ఇది రాయడానికి కూర్చున్నాను. ఏప్రిల్లో నేను వెతికినప్పుడు దొరికినవన్నీ మహిళా నాయకత్వం మీద ఉపన్యాసాలే. హెచ్‌ఆర్ నుంచి "ఒక చిన్న మాట మాట్లాడాలి" అని మెయిల్ వస్తే మర్నాటి నుంచి ఏమవుతుందో, ఏ కాగితం ఎప్పుడు అడిగి తీసుకోవాలో ఒక్కరూ రాయలేదు.

నేను పనిచేసేది ఒక ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో. పదహారేళ్ళు బెంచి దగ్గర పనిచేశాక, ఈ జనవరి 6న ల్యాబు బాధ్యత మొత్తం నా చేతికొచ్చింది. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్న సార్ పద్నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. నిక్కచ్చి మనిషి. ఆ మాట ఆయన గురించి అందరూ ముచ్చటగా అనేవాళ్ళు. వీడ్కోలు సభలో ఆయన ఎవరెవరి మీద ఫైళ్ళు విసిరారో వంతులేసుకుని మరీ చెప్పుకుని నవ్వారు. నేనూ నవ్వాను, నా మీద విసిరిన ఫైలు కథ కూడా చెప్పాను. అనలైజర్ పక్కన గోడ మీద ఆయన దస్తూరీతో ఒక అట్టముక్క ఉండేది: "ప్రమాదకరమైన విలువ వస్తే 30 నిమిషాల్లో వార్డుకి ఫోన్. దాటితే నాకు సంజాయిషీ." ఆయన వెళ్ళిపోయాక కూడా దాన్ని ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు.

ఫిబ్రవరి 12న ఒక పేషెంటుకి పొటాషియం 7.1 వచ్చింది. 5 దాటితేనే ఎక్కువ. 7 అంటే గుండె ఏ నిమిషాన ఏం చేస్తుందో చెప్పలేని అంకె. ఆ అంకె మా స్క్రీన్ మీద గంటా యాభై నిమిషాలు అలాగే కూర్చుంది. వార్డుకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఈలోపు వార్డు డాక్టరుకి ఈసీజీ చూసి అనుమానం వచ్చి, ఆయనే మందు మొదలుపెట్టారు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి కూర్చుని జనవరి నెల రిజిస్టరంతా తిరగేశాను. నూటికి 61 ఫోన్లు మాత్రమే అరగంటలోపు వెళ్ళాయి. అట్టముక్క ఉంది గానీ దాన్ని చదివేవాళ్ళు లేరు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆ రిజిస్టరు చూసి సంతకం పెట్టడం మొదలుపెట్టాను. ఫోన్ చేసినవాళ్ళు అవతలివాళ్ళ చేత విలువ తిరిగి చెప్పించుకోవాలి, వాళ్ళ పేరు, టైం రాయాలి. రాయకపోతే అడుగుతాను. నేను పెట్టిన కొత్త రూలు ఒక్కటీ లేదు, అన్నీ గోడ మీద ఉన్నవే. ఏప్రిల్ ఆఖరుకి 61 కాస్తా 96 అయింది.

ఇంకొక సంఘటన చెప్పాలి, తర్వాత దీనితో పని ఉంది. మార్చి 11 తెల్లవారుజామున పొటాషియం కంట్రోల్ ఫెయిలైంది, మూడు ఎస్‌డీలు దాటి బయట పడింది. ఎస్‌డీ అంటే కొలతలో మామూలుగా వచ్చే తేడాకి ప్రమాణం. కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్. మెషిన్ దాన్ని సరిగ్గా చదివితేనే మనుషుల రక్తం చదవడానికి పనికొస్తుంది. నైట్ షిఫ్టువాళ్ళు కారణం వెతక్కుండా అదే కంట్రోల్‌ని మళ్ళీ నడిపారు, మళ్ళీ నడిపారు. మూడోసారి పాసైంది. శాంపిళ్ళు ఎక్కించేశారు. 7 గంటల 50 నిమిషాలకి నేను చార్టు చూసి, "ఆపెయ్యండి. ఎందుకు ఫెయిలైందో తెలియకుండా ఒక్క రిపోర్టు బయటికి వెళ్ళదు" అన్నాను. పక్కన సెంట్రిఫ్యూజ్ తిరుగుతోంది, కాబట్టి గట్టిగానే అన్నాను. 140 శాంపిళ్ళు మళ్ళీ నడపాల్సొచ్చింది. రిపోర్టులు మూడు గంటలు ఆలస్యం. వార్డుల నుంచి ఒకటే ఫోన్లు. చివరికి చూస్తే ఎలక్ట్రోడ్ ఆయువు తీరిపోయింది.

ఏప్రిల్ 22న మెయిల్, 24న మీటింగు. హెచ్‌ఆర్ మేనేజరు నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది, మర్యాదస్తురాలు. తలుపు తనే వేసింది.

"మీ పని గురించి ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదండి."

"మరి?"

"మీరు చెప్పే విధానం గురించి."

ఏ రోజు, ఎవరితో, ఏ మాట అన్నానో చెప్పమన్నాను. ఫలానా సంఘటన అని కాదు, మొత్తమ్మీద అందరిలో ఒక భావన ఉందంది. ఇరవై నిమిషాల్లో "భావన" అనే మాట ఏడుసార్లు వచ్చింది. నాలుగోసారి నుంచి నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, పరీక్షలు చేసే చెయ్యి కదా. సార్ ఉన్నప్పుడు ఇలాంటి భావన ఎవరికైనా ఉందా అని అడిగితే నవ్వేసింది. "సార్ పద్ధతి వేరు కదండీ." ఆ ముక్క మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎలా వేరో ఆవిడ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఉందని అనుకోనూ లేదు.

ఇక్కడే మొదటి తప్పు చేశాను. మీటింగు అయ్యాక ఏం మాట్లాడుకున్నామో మెయిల్ పెట్టలేదు. వాళ్ళే నోట్ పంపుతారనుకున్నాను. పంపలేదు. ఐదు నెలల తర్వాత కమిటీ ముందు ఆ మీటింగు నోట్ తీశారు: "సూచనలను స్వీకరించే ధోరణి కనబరచలేదు." నేను తేదీలు అడగడమే ఆ ధోరణి అని అప్పుడర్థమైంది. ఆ తర్వాత ప్రతి మీటింగుకీ అదే సాయంత్రం ఐదారు వాక్యాలు రాసి పంపాను: ఫలానా టైముకి కలిశాం, మీరిది అన్నారు, నేనిది అడిగాను, ఏదైనా తేడాగా రాస్తే సరిదిద్దండి. జవాబు రాదు. రాకపోయినా ఫర్వాలేదు, తేదీ పడుతుంది.

బయటికొచ్చి తిన్నగా కోల్డ్‌రూమ్‌లోకి వెళ్ళాను. రీజెంట్లు, అంటే పరీక్షలకి వాడే రసాయనాలు, దాచే గది, లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏడవడానికి మా ల్యాబులో అంతకంటే మంచి చోటు లేదు. ఫ్యాను రొదకి ఏమీ వినపడదు, ఐదు నిమిషాలకి మించి ఎవరూ ఉండలేరు కాబట్టి ఏడుపూ అక్కడికి సరి. కానీ బయటికి రాగానే కళ్ళజోడుకి ఆవిరి పట్టి ఏమీ కనపడదు. అలా గుడ్డిగా తలుపు దగ్గర నిలబడి ఉండగా మా డిప్యూటీ చూశాడు. "స్టాక్ చూస్తున్నారా మేడమ్?" అన్నాడు. అవునన్నాను.

తర్వాతి అడుగు 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్. మే 2న మొదలుపెట్టి 23న మూశారు. నా పైవాళ్ళు, కింద పనిచేసేవాళ్ళు, వార్డుల నుంచి ఇద్దరు కలిపి మొత్తం పదకొండు మంది. పేర్లు ఉండవన్నారు. 29న రిపోర్టు వచ్చింది, 14 పేజీలు. మొదటి నాలుగు పేజీలు అంకెలు, మిగతా పది వాళ్ళ మాటలు. పనిలో పరిజ్ఞానం 5కి 4.6, నిర్ణయాలు 4.4, "చేరువగా ఉండటం" 2.1.

మాటలు ఇలా ఉన్నాయి. నవ్వరు. ముఖం చూస్తేనే భయమేస్తుంది. ఆడవాళ్ళు వస్తే కాస్త అర్థం చేసుకుంటారనుకున్నాం. అంతా తనకే తెలుసనుకుంటారు. పనిమంతురాలే, కానీ మెత్తదనం లేదు. ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయేమో. చివరిది సానుభూతితోనే రాశారు. నన్ను ఎక్కువగా కాల్చింది అదే. చిట్టచివర ఒకటి: తరచుగా కోల్డ్‌రూమ్‌లోకి వెళ్ళిపోతారు, అందుబాటులో ఉండరు.

మీకూ ఇలాంటి రిపోర్టు వస్తే ఏది ఎవరు రాశారో వెతకద్దు. నేను పది రోజులు అదే పనిలో ఉన్నాను. ప్రతివాళ్ళకీ ఒక ఊతపదం ఉంటుంది, వాక్యం చూస్తే మనిషి కనపడతాడనుకున్నాను. కోల్డ్‌రూమ్ మాట మా డిప్యూటీదేనని ఖాయం చేసుకుని, అతనితో వారం రోజులు ముభావంగా ఉన్నాను. ఆగస్టులో తెలిసింది, అది రాసింది తను కాదు. రాసినావిడే వచ్చి చెప్పింది. ఆ వారం రోజుల నా ముఖం మాత్రం ఎవరి రిపోర్టులోకైనా ఎక్కదగ్గదే.

ఒక రాత్రి పెన్ను పట్టుకుని ఆ పది పేజీలూ మళ్ళీ చదివాను. 2014లో కీరన్ స్నైడర్ అనే ఆవిడ 28 కంపెనీల్లో 180 మంది దగ్గర్నుంచి 248 పనితీరు నివేదికలు తెప్పించుకుని ఒక్కొక్క మాట ఏరింది. విమర్శ ఉన్న నివేదికల్లో స్వభావం మీద తప్పుపట్టినవి మగవాళ్ళవి 83లో 2, ఆడవాళ్ళవి 94లో 71. దురుసు మనిషి అనే అర్థంలో ఇంగ్లీషులో వాడే "అబ్రేసివ్" అనే మాట 13 మంది ఆడవాళ్ళ మీద 17 సార్లు పడింది. మగవాళ్ళ మీద ఒక్కసారీ పడలేదు. అదే పద్ధతిలో నా రిపోర్టు మీద గీతలు గీశాను. పని మీద విమర్శకి నీలం, మనిషి మీద విమర్శకి ఎరుపు. మొత్తం 31 విమర్శలు. ఎరుపు 22.

గీతలు గీస్తుంటే తట్టింది, మన భాషలోనే ఈ అట్టముక్క ఎప్పుడో రాసి పెట్టి ఉంది. ఆడపెత్తనం అంటాం. మగపెత్తనం అని ఎవరైనా అనగా నేను వినలేదు, దాన్ని వట్టి పెత్తనం అంటే సరిపోతుంది. గయ్యాళి అన్న మాట మగవాడికి వాడగానూ వినలేదు. అతను నోరు చేసుకుంటే కోపిష్టి, పైగా "కోపమే గానీ మనసు వెన్న" అని ఒక తోక కూడా తగిలిస్తారు.

ఆ రాత్రే ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, చెప్పకపోతే అన్యాయం. పదకొండేళ్ళ కిందట పాత ఉద్యోగంలో నా పై అధికారిణి గురించి ఇలాంటి కాగితం మీదే నేను రాశాను, "ఎప్పుడూ చిరాకుగా ఉంటారు" అని. ఆవిడ అంతకు ముందు వారమే, నేను ఇద్దరు పేషెంట్ల ట్యూబులకి లేబుళ్ళు తారుమారు చేస్తే పట్టుకుంది. లేబుళ్ళ సంగతి ఆ కాగితంలో రాయలేదు.

31 విమర్శల్లో ఒకటి మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. జూనియర్ని పదిమందిలో దిద్దానని రాశారు. మార్చి 11న ఆ కంట్రోల్ మూడోసారి నడిపిన అబ్బాయినే. జూన్ 3న పిలిచి, అందరి ముందూ అనడం నా తప్పు, విడిగా చెప్పి ఉండాల్సింది అన్నాను. చాలాసేపు నేల చూశాడు. తర్వాత అన్నాడు:

"సార్ అయితే ఫైలు విసిరేవారు మేడమ్. మీరు విసరలేదు. కానీ సార్ విసిరితే నాకేమీ అనిపించేది కాదు. మీరు అంటే రెండు రోజులు అన్నం తినబుద్ధి కాలేదు. ఎందుకో నాకూ తెలీదు."

ఈ ఆరు నెలల్లో ఇంత నిజాయితీగా నాతో ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ అబ్బాయి మీద కోపం రాలేదు. ఏం చెయ్యాలో కూడా తెలియలేదు.

జూన్ 10 నుంచి ఆగస్టు 19 వరకు, రెండు వారాలకొకటి చొప్పున ఆరు కోచింగ్ సెషన్లు, ఒక్కోటి గంటన్నర. ఖర్చు ఆఫీసుదే అన్నారు. రెండో సెషన్ అయ్యాక తెలిసింది, ఆ డబ్బు తీసింది మా ల్యాబు శిక్షణ నిధిలోంచే. అందువల్ల ఆ ఏడాది ఇద్దరు టెక్నీషియన్లని మైక్రోబయాలజీ శిక్షణకి పంపడం ఆగిపోయింది. ఆ ఇద్దరికీ కారణం చెప్పాల్సింది నేనే. నా గొంతు మెత్తబడటానికి వాళ్ళు కట్టిన రుసుమది. ముందే అడిగి తెలుసుకోండి, ఏ పద్దులోంచి ఇస్తున్నారని.

కోచ్ మంచావిడే. మొదటి సెషన్లో నేను మాట్లాడుతుంటే వీడియో తీసి చూపించింది. నా కనుబొమలు ముడిపడే ఉన్నాయి, నిజమే. అవి ఎండలో నిలబడ్డా అలాగే ఉంటాయి. ఏదైనా అడిగే ముందు కుశలం అడగమంది, మెయిల్ చివర కృతజ్ఞతలు చెప్పమంది, "చెయ్యండి" బదులు "చేస్తే బాగుంటుందేమో" అనమంది. శ్రద్ధగా పాటించాను. రెండు వాక్యాల మెయిల్ ఒక్కటి రాయడానికి 25 నిమిషాలు పట్టిన రోజులున్నాయి. "కంట్రోల్ రిపీట్ చేస్తే బాగుంటుందేమో" అని రాస్తే, ఒకాయన నిజంగానే చెయ్యలేదు. అడిగితే, "ఐచ్ఛికమేమో అనుకున్నాను మేడమ్" అన్నాడు. కోచ్‌కి చెబితే ఆవిడా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ సలహా మేమిద్దరం ఎత్తలేదు.

పనికొచ్చినది ఒకటుంది. కోపానికి కారణం ముందు చెప్పి తర్వాత మాట చెప్పడం. 2008లో బ్రెస్కాల్, ఉల్మాన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో కోపగించుకున్న మగవాడి హోదా చూసేవాళ్ళ కళ్ళలో పెరిగింది, ఆడమనిషిది తగ్గింది. అతనికి కోపం తెప్పించిన సంగతేదో ఉందనుకున్నారు. ఆవిడ మనిషే అంత అనుకున్నారు. కోపానికి బయటి కారణం ఫలానా అని చూపించినప్పుడు మాత్రం ఆ తేడా పోయింది. అందుకని ఇప్పుడు "ఆపెయ్యండి" కంటే ముందు "కంట్రోల్ బయట పడింది కాబట్టి" అంటాను. నాలుగు మాటలు ఎక్కువ. మగవాడు కట్టక్కర్లేని పన్ను అది, అయినా ఇది కట్టగలిగినంతే ఉంది.

నిద్ర సంగతి: జూన్, జూలైల్లో రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చేసేది. ఆ రోజు ఎవరితో ఎలా మాట్లాడానో లోపల మళ్ళీ నడుస్తుండేది. ఒక సాయంత్రం ఫోన్ పెట్టేశాక మా అమ్మాయి అడిగింది, "అమ్మా, కస్టమర్ కేర్ వాళ్ళతో మాట్లాడావా?" కాదు, మా నైట్ షిఫ్టుతో అన్నాను. "మరి నువ్వే కస్టమర్ కేర్‌లా మాట్లాడావేంటి?" దానికి పదమూడేళ్ళు.

జూలై 14 నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టాను. 18న వచ్చి, అలవాటు ప్రకారం సెలవులో ఉన్న రోజుల రిజిస్టరు చూశాను. 15వ తేదీ పొద్దున సోడియం కంట్రోల్ ఫెయిలైంది. డిప్యూటీ రన్ ఆపాడు, శాంపిళ్ళు మళ్ళీ నడిపించాడు, రిపోర్టులు రెండున్నర గంటలు లేటు. సరిగ్గా చెయ్యాల్సిందే చేశాడు. రిజిస్టర్లో డ్యూటీలో ఉన్నవాళ్ళు రాసింది ఇలా ఉంది, సార్ అంటే ఇక్కడ డిప్యూటీ: "సార్ నిర్ణయం మేరకు రన్ నిలిపివేయడమైనది. కారణం సరిచేసి తిరిగి ప్రారంభించడమైనది." ఏదో తోచి మార్చి 11 పేజీ తీశాను. నీలి సిరా, అదే చేతిరాత, అదే మనిషి: "మేడమ్ వచ్చి అరిచి మెషిన్ ఆపించేశారు. రిపోర్టులు లేట్."

రెండు పేజీల మధ్యా వేలు పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ రోజు కోల్డ్‌రూమ్‌కి వెళ్ళలేదు. జిరాక్స్ మెషిన్ దగ్గరికి వెళ్ళాను. రిజిస్టరు పేజీల్లో పేషెంట్ల నంబర్లుంటాయి, అవి కాగితంతో కప్పి మరీ తీశాను. ఇది చాలా ముఖ్యం. కప్పకపోయి ఉంటే, నా ఆధారమే నా మీద కొత్త ఫిర్యాదు అయ్యేది.

తర్వాత డిప్యూటీకి రెండు పేజీలూ చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేను అరిచాను మేడమ్ ఆ రోజు. మీకంటే ఎక్కువే అరిచాను" అన్నాడు. ఆ మాట రాసిస్తారా అని అడిగాను. రెండు రోజులు ఆలోచించుకుంటానన్నాడు. రాసిచ్చాడు.

ఆగస్టు 1న వార్షిక రేటింగు వచ్చింది: "అంచనాలకు తక్కువ". కారణం చేరువతనం. జీతం పెంపు ఆగింది. అభ్యంతరం చెప్పుకోవడానికి ఉత్తరం అందిన రోజు నుంచి 15 పనిదినాలు, ఆ సంగతి నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ముందు కోచింగ్ పూర్తిచెయ్యండి, ఆ తర్వాత చూద్దాం అని హెచ్‌ఆర్ నోటిమాటగా అంది. కోచింగ్ ఆఖరి రోజు 19. గడువు 22. ఆ మాట నమ్మి నిదానంగా కూర్చుని ఉంటే మూడు రోజులు మిగిలేవి. ఎవరు ఎంత మంచిగా చెప్పినా కాగితం మీదున్న తేదీనే నమ్మండి.

సొంత డబ్బుతో ఒక లాయరుని ఒక్క గంట కలిశాను. కేసు వెయ్యడానికి కాదు, ఉత్తరం ఎలా రాయాలో తెలుసుకోవడానికి. నేను రాసుకెళ్ళిన ఆరు పేజీలు ఆవిడ చదివి నాలుగు పేజీలు కొట్టేసింది. వివక్ష అనే మాట మొదటి పేజీలో వద్దంది. ముందు రెండు రిజిస్టరు పేజీలు పెట్టు, అంకెలు పెట్టు, ఆ మాట చదివేవాళ్ళకే తట్టాలి అంది. ఆవిడే ఆన్ హాప్కిన్స్ కేసు చెప్పింది. 1982లో అమెరికాలో అకౌంటింగ్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్‌లో భాగస్వామి హోదాకి 88 మంది పేర్లు వెళితే అందులో ఆడమనిషి ఈవిడ ఒక్కతే. అప్పటికి ఉన్న 662 మంది భాగస్వాముల్లో మహిళలు ఏడుగురు. పని తెచ్చిపెట్టడంలో దిట్ట అని ఒప్పుకుంటూనే, నడకా మాటా కట్టూ ఇంకాస్త ఆడతనంగా ఉండాలని, మేకప్ వేసుకోవాలని, నగలు పెట్టుకోవాలని సలహా ఇచ్చారు. 1989 మే 1న అమెరికా సుప్రీం కోర్టు తేల్చిందేమిటంటే, దూకుడు లేకపోతే జరగని ఉద్యోగం ఇచ్చి, ఆడమనిషి దూకుడుగా ఉంటే తప్పుపట్టడం ఆవిడని ముందు గొయ్యి వెనక నుయ్యిలోకి నెట్టడమేనని. 1990లో కోర్టు ఆదేశంతోనే ఆవిడకి ఆ హోదా దక్కింది. ఎనిమిదేళ్ళు. నా కొద్ది నెలలు ఆ లెక్కలో ఏపాటి అనిపించి, కాస్త సిగ్గూ కాస్త ధైర్యమూ వచ్చాయి.

ఆగస్టు 20న అభ్యంతరం ఇచ్చాను. రెండు పేజీల ఉత్తరం, ఐదు జతపరిచిన కాగితాలు. నేను అడిగినవి రెండే: ప్రతి విమర్శకీ తేదీ, సంఘటన చూపించండి, నాకు ముందున్న అధికారి రేటింగు కాగితాల్లో "చేరువగా ఉండటం" అనే గడి ఉందో లేదో చెప్పండి. అందినట్టు జవాబు రావడానికి 9 రోజులు పట్టింది. 30 రోజుల్లో విచారణ అని రూల్లో ఉంది, 37 రోజులకి పిలిచారు.

సెప్టెంబరు 26. ముగ్గురు, ఇద్దరు మగవాళ్ళు ఒక ఆవిడ. 50 నిమిషాలు. మొదటి ప్రశ్నే, "మీరు టీమ్‌తో సంతోషంగానే ఉన్నారా?" అవుననాలా కాదనాలా తెలియక, పని బాగా జరుగుతోందన్నాను. రెండు రిజిస్టరు పేజీలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను, ఒక్క మాటా మాట్లాడలేదు. ఒకాయన చదివి పక్కాయనకి తోశాడు. "చేతిరాత ఒకటే" అన్నాడు. ఆ గదిలో గాలి మారినట్టు అనిపించింది. కానీ వెంటనే కమిటీలో ఉన్న ఆవిడ అంది, "మేమూ ఇవన్నీ దాటుకునే వచ్చామండి, కాస్త నవ్వుతూ ఉంటే పోతుంది కదా." ముగ్గురిలో నేను ఆశపెట్టుకున్నది ఆవిడ మీదే. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు కూడా. నవ్వుతూనే దాటి ఉంటుంది.

పాత రేటింగు ఫారం గురించి అడిగితే కాసేపు కాగితాలు తిరగేసి, ఆ గడి రెండేళ్ళ కిందటే చేర్చారని, సార్ వరకు వచ్చేసరికి "వర్తించదు" అని రాసి వదిలేశారని చెప్పారు. ఎందుకు వర్తించదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, అప్పటికే గొంతు ఎండిపోయింది.

ఇక ఉత్తరం. మొదటి పేరా: రేటింగు "అంచనాలకు తగ్గట్టు"గా మార్చారు, ఆగిన పెంపు బకాయిలతో వచ్చే నెల జీతంలో కలుస్తుంది. ఇకపై స్వభావానికి సంబంధించిన ఏ వ్యాఖ్యకైనా తేదీ, సంఘటన తప్పనిసరి. రెండో పేరా: "భావవ్యక్తీకరణలో మెరుగుదల గమనించడమైనది, కొనసాగించవలసిందిగా సూచన." అంటే తప్పు ఉండేదని, దిద్దుకున్నానని. అది తీసెయ్యమని మళ్ళీ రాయచ్చు, ఇంకో 15 పనిదినాలు టైముంది. రాయాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. ఇక నిద్రపోతే బాగుండునని ఉంది.

మర్నాడు 18న పొద్దున ఏడింటికి వెళ్ళేసరికి క్లోరైడ్ కంట్రోల్ బయట పడి ఉంది. ఆ అబ్బాయే డ్యూటీలో ఉన్నాడు. ఈసారి రిపీట్ చెయ్యలేదు, శాంపిళ్ళు ఎక్కించకుండా నాకోసం నిలబడి ఉన్నాడు. కంట్రోల్ బయట పడింది కాబట్టి ఆపెయ్యమన్నాను. ఆపి, రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి నా వైపు చూశాడు.

"ఏమని రాయమంటారు మేడమ్?"

"ఏం జరిగిందో అది రాయి. టైం వెయ్యడం మర్చిపోకు."